ముందు సీటు మీద తువ్వాల

1954 ఎండాకాలం. కర్నూలు రాజధానై ఇంకా ఏడాది తిరగలేదు. ఊరి బయట డేరాలు, తడికెల ఆఫీసులు, యాడ చూసినా దుమ్ము, ఆ దుమ్ములో కార్లు. హంద్రీలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయినాయి. ఆ ఒడ్డునే నా రేకుల షెడ్డు. పొద్దెక్కితే రేకు కింద నిలబడలేం, పనేమో పొద్దెక్కినాకే వస్తాది. నలభై దాటినాయో లేదో, నా నడుము ముసలోని నడుమైపోయింది. పొద్దున లేస్తానే గోడ పట్టుకొని "యా అల్లా" అనుకుంటే గానీ నిటారుగా నిలబడలేకపోతాంటి.

నా పేరు ఉసేనయ్య. దూదేకులోళ్లం. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టినాడు. నేను యుద్ధం రోజుల్లో బెంగుళూరు మిలిటరీ వర్కుషాపులో పని నేర్చుకొని, మోటారు బండ్లకు కమాన్లు కట్టే మేస్త్రీ అయినా. "నాయన మనుషులకు పరుపులు కుడితే, కొడుకు బండ్లకు కుడతాండాడు" అని మా చుట్టాలు ఎగతాళి చేస్తాండ్రి. ఆ మాటలో అబద్ధం లేదు. కమాను అంటే బండికి పరుపే. వంపు తిరిగిన ఇనప పట్టీలు, పెద్దదాని కింద చిన్నది, దాని కింద ఇంకా చిన్నది, కట్టగా పేర్చి ఇరుసుకు యూ బోల్టులతో బిగిస్తారు. గుంత వచ్చినప్పుడు ఆ వంపు లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తాది. ఏండ్లు గడిచేకొద్దీ వంపు సచ్చిపోతాది, పట్టీలు చదునైపోతాయి, బండి తోక కుంగుతాది. ఇంగ్లీషోళ్లు సాగింగ్ అంటారు. మేము "కూర్చుండిపోయింది" అంటాం.

దానికి మాకు పెద్ద కొలబద్దలేమీ లేవు. వెనక టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి పెట్టి చూడటమే. జానెడు సందుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. బెత్తెడుంటే జబ్బు చేసినట్టు. రెండు వేళ్లు కూడా దూరకపోతే అప్పుడు నా దగ్గరికి వస్తారు. బెత్తెడు ఉన్నప్పుడు వచ్చిన మహానుభావుణ్ణి ఇంతవరకూ నేను చూళ్లేదు.

శివారెడ్డి కూడా అట్లనే వచ్చినాడు. ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఏదో పల్లె ఆయనది. ముప్పై ఏండ్లు ఉంటాయేమో, మొహంలో మాత్రం ఇంకా ఎక్కువే కనపడతాండాయి. బండి మిలిటరీ వాళ్లు వేలం వేసిన అమెరికా జీపు, స్టీరింగు ఎడమచేతి పక్క. వెనక తోకను ఎవరో వడ్లాయన బారెడు పొడుగు పెంచి, చెక్క బాడీ కట్టి, రెండు పక్కలా బెంచీలేసి, పైన టార్పాలిన్ కప్పినాడు. ఒక్కడే తోలుకొని వచ్చినాడు. ఖాళీ బండికే తోక కుంగి ఉండాది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాండాయి.

"మేస్త్రీ, దీన్ని పైకి లేపాల," అన్నాడు.

"ఎంత లేపమంటావప్పా?"

"వంకలో నీళ్లు తగలనంత."

నాకు నవ్వొచ్చింది. ఎండకు మెదడు కరిగిపోతాంటే ఈ మనిషి నీళ్ల గురించి చెప్తాండాడే అనుకొని, "హంద్రీలోనే నీళ్లు లేవు, నీ వంకలో యాడున్నాయి?" అంటి.

ఆయన నవ్వలేదు. పోయిన వానాకాలం వాళ్ల అన్న ఓబుల్‌రెడ్డికి కడుపులో నొప్పి వచ్చిందంట. జీపు కొన్నది ఆయనే. తమ్ముడు తోలుతాంటే తను ముందు సీట్లో కూర్చొని, కర్నూలు పెద్దాసుపత్రికి బయలుదేరినాడు. ఊరు దాటగానే వంక. పైన అడవిలో వాన పడి నీళ్లు వచ్చినాయి. కుంగిన తోక నీళ్లల్లో దిగబడి, సైలెన్సర్ లోకి నీళ్లు ఎక్కి, ఇంజను ఆగిపోయింది. ఎద్దులు తెచ్చి గుంజేసరికి పొద్దు వాలింది. ఆస్పత్రిలో చేర్చినారు గానీ మరుసటి రోజే మనిషి పోయినాడు. పొద్దున్నే తెచ్చింటే వేరే మాట అన్నారంట డాక్టర్లు.

"మా అమ్మ ఇంగ వంక దిక్కు చూసేదానికే ఒప్పుకోలేదు," అన్నాడు శివారెడ్డి. "మళ్లా వానలొచ్చేలోపల బండి పైకి లేయాల. అంతే."

కమాన్లు విప్పితి. వంపు యాడుంది, రొట్టెల పెనం మాదిరి అయిపోయినాయి. నేల మీద సుద్దముక్కతో మంచి వంపు గీసి పెట్టుకొని, ఒక్కొక్క పట్టీని దాగలి మీద బోర్లేసి, సమ్మెటతో దెబ్బ పక్కన దెబ్బ వేసుకుంటా ఆ గీతకు తెచ్చినా. కాల్చి వంచేవాళ్లు ఉండారు, తొందరగా అవుతాది, కానీ కాల్చినోనికి చల్లార్చడం కూడా రావాల. లేకుంటే పట్టీ గాజు మాదిరి ఫట్ మంటాది. నేను చల్లటి ఇనుము మీదే కొడతా. చేతులు పడిపోతాయి గానీ పట్టీకి ప్రాణం నిలుస్తాది. చివరికి ఎందుకైనా మంచిదని రెండు పక్కలా ఒక్కో లారీ పట్టీ కూడా చేర్చినా. బండి జానెడు పైకి లేచింది. శివారెడ్డి సందులో చెయ్యి పెట్టి చూసుకొని, కండ్లు తుడుచుకొని పోయినాడు. నాకూ తృప్తి అనిపించింది, అబద్ధం చెప్పను.

నెల తిరగలేదు. మళ్లా వచ్చినాడు. తోక మళ్లా కుంగి ఉండాది! ఒక పట్టీ విరిగింది, మిగతావి కూర్చున్నాయి.

"నీ పని ఇంతేనా మేస్త్రీ?" అన్నాడు దిగుతానే.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు పొద్దున్నించీ ఒక ఆఫీసరు కారు కింద పడుకొని ఉండా, కంట్లో తుప్పు పడింది. "నా పని ఇంతే. నువ్వు ఏం మోస్తాండావో, యాడ తోలుతాండావో అది చెప్పు ముందు. కమాను ఇనుమప్పా, హనుమంతుడు కాదు," అని గట్టిగానే అంటి.

"ఏం మోస్తాం? ఇంట్లోవాళ్లం, ఒకటో రెండో మూటలు. ఇంకో రెండు పట్టీలు వెయ్యి. ల్యాకుంటే ఇరుసుకూ కమానుకూ నడుమ దిమ్మెలు పెట్టు. ఆత్మకూరులో ఎవడో పెడతాడంట."

దిమ్మె పెడితే బండి లేస్తాది, నిజమే. కానీ ఇంజను నుంచి వెనకకు పోయే జాయింట్ షాఫ్ట్ వంకర పడతాది, దారిలో జాయింట్లు అరుస్తాయి, ఒకరోజు ఊడి చేతికొస్తాయి. పట్టీలు పెంచినా అంతే, ఎత్తు వస్తాది గానీ బండి రాయి అయిపోతాది. ఆ మాటే చెప్పితే ఆయన టూల్‌బాక్స్ మీద కూలబడినాడు. గొంతు తగ్గింది.

"రాయి కాకూడదు మేస్త్రీ. నా భార్యకు ఇప్పుడు అయిదో నెల. ముందు రెండు కాన్పులు నిలబడలేదు. ఈసారి కుదుపు తగలకూడదని లేడీ డాక్టరు చెప్పింది. నెలనెలా తెచ్చి చూపించాల, కాన్పు ఈడనే కావాల. పోయినసారి నీ లారీ పట్టీల మీద తెస్తే, నడుము పట్టుకొని దారంతా ఏడ్చింది."

"కర్నూల్లోనే ఒక ఇల్లు తీసుకోరాదా?"

"యాడుండాది ఇల్లు? రాజధాని అన్నాక ఆఫీసర్లే డేరాల్లో పండుకుంటాండారు, మాకెవడిస్తాడు?"

అదీ నిజమే. ఆయన లేచి జీపు మీద చెయ్యి వేసి, "ఎత్తు కావాల, మెత్తగానూ కావాల. వానలొస్తే ఆ వంక దాటాల, ఆమెకు కుదుపు తెలీకూడదు," అన్నాడు.

"అవ్వా కావాల, బువ్వా కావాల అంటే యాడినుంచి తెచ్చేదప్పా?" అని నోరు జారింది. ఆయన జీపు మీదనించి చెయ్యి తీసేసి తల వంచుకున్నాడు. అది చూసినాక నా మీద నాకే యాష్ట పుట్టింది. ఇనుముతో కొట్లాడి కొట్లాడి నాలిక కూడా ఇనుమైపోతాది మాకు.

విరిగిన పట్టీ మార్చి, "ఈసారి ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఇంటి దగ్గర ఎట్ల ఎక్కుతారో అట్లనే, ఒక్క మూట కూడా తగ్గించకుండా నేరుగా నా దగ్గరికి రా. బరువుతో చూడాల," అని పంపించినా. అప్పటికి రెండుసార్లూ ఆ బండిని ఖాళీగానే చూసినా మరి.

వాళ్లు వచ్చినరోజు ఎండ మాడ్చేస్తాంది. జీపు షెడ్డు ముందర ఆగింది. శివారెడ్డి స్టీరింగు దగ్గర ఉండాడు. వెనక బెంచీల మీద వాళ్లమ్మ నాగమ్మ, భార్య సుభద్ర, తోడుకొచ్చిన ఒక మేనత్త, ఆమె కూతురు. కాళ్ల దగ్గర కొర్రల మూట, శెనక్కాయల మూట, తోక చివర నీళ్ల డ్రమ్ము, దాని మీద స్టెప్నీ చక్రం. సుభద్ర బెంచీ చివర, సరిగ్గా ఇరుసుకు వెనకపక్క, రెండు చేతులతో ఇనప కడ్డీ పట్టుకొని కూర్చొని ఉండాది. మొహంలో రక్తం లేదు.

ముందు సీటు ఖాళీ. దాని మీద మడత పెట్టిన ఎర్రంచు తువ్వాల ఒకటి. ముందు రెండుసార్లూ బండి కిందనే పని చేసినా, అది నా కంట్లో పడలేదు.

మా దిక్కు బస్సుల్లో తువ్వాల వేసి సీటు పట్టుకుంటారు కదా, అట్లనే ఎవరో బీడీ కోసం దిగినారేమో అనుకున్నా. "ఇంకెవరన్నా రావాల్నా? ఆ మనిషి కూడా ఎక్కితేగానీ బరువు తెలీదు," అంటా, సుద్దముక్క చేతిలో పట్టుకొని, ఆ తువ్వాల పక్కకు జరిపి కూర్చోబోయినా.

"ముట్టొద్దు!" అని శివారెడ్డి అరిచినాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నా. నాగమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకునింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ తువ్వాల ఓబుల్‌రెడ్డిది. ఆస్పత్రి దగ్గర ఆయన్ను దించినప్పుడు సీట్లోనే ఉండిపోయిందని శివారెడ్డే చెప్పినాడు. అప్పట్నుంచి ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు, ఒక మూట కూడా పెట్టలేదు. ఇంటిపెద్ద సీటు. అందులోనూ ఆడవాళ్లు ముందర కూర్చునే మర్యాద ఆ ఇంట్లో లేదు, అత్త ముందర కోడలు మొగుని పక్కన కూర్చునేది అసలే లేదు. అందుకని ఇంటిల్లిపాదీ, సామానంతా, తోకలోకి ఎక్కినారు.

నేను బండి వెనక్కి పోయి సందులో చెయ్యి పెడితే రెండు వేళ్లు దూరలేదు. ముందుకు పోయి చక్రం చూస్తే నేల మీద తేలతాంది. తక్కెడలో ఒక సిబ్బిలోనే అన్నీ వేసినట్టు ఉండాది యవ్వారం. ఇరుసుకు వెనకపక్క కూర్చున్న మనిషి ఒక మనిషి బరువు కాదు, గుంత వచ్చినప్పుడల్లా ఇంకా ఎక్కువ. నేను ఎన్ని పట్టీలు వేస్తే మాత్రం ఏం లాభం? బండిలో అన్నిటికన్నా మెత్తటి చోటేమో పోయినాయన తువ్వాలకిచ్చి, అన్నిటికన్నా గట్టి చోట కడుపుతో ఉన్న మనిషిని కూర్చోబెట్టి, మెత్తగా చెయ్యమని నన్ను అడుగుతాండారు.

కానీ ఆ మాట ఎట్ల చెప్పేది? చెప్పకుండా ఎట్ల ఉండేది? ఇనుము అయితే కొట్టి వంచుతాం. ఇది ఇనుము కాదాయె. కాసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఊరకే కూర్చున్నా. చెప్పొద్దూ, పట్టీలు వేసి పంపించేసి, ఇంత సంగటి తిని పండుకుందామా అని కూడా అనిపించింది. అంత అలిసిపోయి ఉండా ఆ రోజు.

సుభద్ర కడ్డీ వదిలి నడుము మీద చెయ్యి వేసుకునింది. అది చూసినాక లేచినా.

లోపలికి పోయి రెండు సత్తు చెంబులు తెచ్చి, అంచు దాకా నీళ్లు పోసినా. ఒకటి వెనక, సుభద్ర కాళ్ల దగ్గర బండి చెక్క మీద. ఇంకోటి ముందర, ఆ ఖాళీ సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట. తువ్వాలను ముట్టలేదు. ఆడవాళ్లను దించి షెడ్డు నీడలో కూర్చోబెట్టి, సామాను అట్లనే ఉంచి, "అమ్మా, మీ కొడుకు ఆ హంద్రీ రాళ్ల మీద ఒక సుట్టు తిప్పుకొని వస్తాడు, చూడండి," అంటి.

శివారెడ్డి తిప్పుకొని వచ్చినాడు. వెనక చెంబు దొర్లిపోయి ఉండాది, చుక్క లేదు. ముందు చెంబు నిలబడే ఉండాది. సగానికి పైనే నీళ్లు.

నాగమ్మ లేచి వచ్చింది. ముందు చెంబులోకి చూసింది, వెనక చెంబును చూసింది. చెక్క మీద నీళ్లు అప్పుడే ఆరిపోతాండాయి.

"అమ్మా, నాకు చేతనైన కాడికి మెత్తగా చేస్తా. లారీ పట్టీలు తీసేస్తా. కానీ నేను ఎంత చేసినా ఆ వెనక బెంచీ ఈ ముందు సీటు కాదు. ఆ పైన మీ ఇష్టం. పెద్దోళ్ల సంగతి నాకు తెలీదు," అంటి.

ఆమె ముందు చెంబును ఎత్తి కింద నేల మీద పెట్టింది. తర్వాత తువ్వాల దిక్కు చూస్తా, నాతోనో తనతోనో అన్నట్టు అనింది: "'అమ్మా, ముందుకొచ్చి కూర్చో, ఈడ కుదుపుండదు' అని ఎన్నిసార్లు పిలిచినాడో నా పెద్దోడు. నలుగురూ నవ్వుతారని నేనే ఒక్కసారి కూడా పోలా."

శివారెడ్డి, "అమ్మా..." అని ఏదో అనబోయినాడు.

"నువ్వు ఊరకుండు. సుభద్రా, ఎక్కు."

ఆ పిల్ల భయపడి వెనక్కి జరిగింది. "అత్తా, బావ సీటు... నేనెట్ల కూర్చుందును?"

"మీ బావ ఉండింటే నిన్ను ఆ వెనక కూర్చోనిచ్చునా?"

ఆ మాట అంటానే ఆ అమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఏడుస్తానే సీటు మీదికి వంగి, తువ్వాల తీసి, దులిపింది. ఇన్నాళ్ల దుమ్ము లేచింది. దాన్ని నాలుగు మడతలు వేసి సీటుకు ఆనించి, కోడలి నడుము ఆ మడత మీద ఆనేటట్టు తనే కూర్చోబెట్టింది. శివారెడ్డి మొహం తిప్పుకొని హంద్రీ దిక్కు చూస్తా నిలబడినాడు. నేను కూడా ఎందుకో పానాలు సర్దుకుంటా కూర్చున్నా. కండ్లల్లో పడింది తుప్పు కాదు ఆ రోజు.

వాళ్లు అదే బండిలో ఆస్పత్రికి పోయి వచ్చినాక పని మొదలుపెట్టి, మరుసటి రోజుకు ముగించినా. వాళ్లు సత్రంలో ఉండినారు. లారీ పట్టీలు పీకేసినా. పాత పట్టీలకు వంపు మళ్లీ తెచ్చినా, ఈసారి వేలు మందం ఎక్కువ. పట్టీల నడుమ తుప్పు గీకి గ్రీజు పూసినా. కమాను కొసను పట్టుకొని ఊగే కొండీని షాకిల్ అంటారు, దాన్ని రవ్వంత పొడుగుది వేసినా. నీళ్ల డ్రమ్మును, మూటలను ఇరుసుకు ముందరికి, ముందు సీట్ల వీపు దగ్గరికి జరిపి తాళ్లతో కట్టినా. స్టెప్నీ చక్రం బానెట్ పక్కకు పోయింది. అందరూ ఎక్కినాక సందులో చెయ్యి పెట్టి చూస్తే జానెడు ఉండాది. ఎత్తూ వచ్చింది, మెత్తనా వచ్చింది. అవ్వా, బువ్వా దొరికినాయి.

పోయేటప్పుడు శివారెడ్డి చెయ్యి పట్టుకొని, "కాన్పయినాక కబురు చేస్తా మేస్త్రీ," అన్నాడు.

కబురు రాలేదు. వానలు వచ్చినాయి. ఆత్మకూరు దిక్కునుంచి వచ్చిన ప్రతి లారీవాణ్ణీ అడిగినా, ఆ వంక పొంగిందా అని. పొంగిందన్నారు. జీపు సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. మా పనిలో ఉన్న పాడు గుణం ఇదే. చెడిపోయిన బండి మళ్లీ వస్తాది, బాగైన బండి కనపడదు. కనపడకపోతే బాగుందనుకోవాల. కానీ బండి బాగుంటే చాలా? లోపల ఉన్నోళ్లు? రాత్రిళ్లు నడుము నొప్పితో నిద్ర పట్టనప్పుడు ఆ పిల్ల కడ్డీ పట్టుకున్న చేతులే గుర్తుకొస్తాండె. బావ సీట్లో కూర్చోబెట్టినందుకే ఇట్లయింది అని రేపు ఎవరన్నా అంటే, ఆ పాపం నా నెత్తినే కదా అని గుబులు. పోనుపోను అడగడం మానేసినా. మంచి మాట వినే అదృష్టం నాకు లేదులే అనుకున్నా.

రెండేండ్లు అయినాయి. రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకినారు, కార్లు పోయినాయి, దుమ్ము మాత్రం మాకే మిగిలింది. పని తగ్గింది, నడుము నొప్పి తగ్గలేదు. ఒకరోజు మధ్యాన్నం షెడ్డులో గోడకు ఆనుకొని కునుకు తీస్తాంటే, తెలిసిన ఇంజను చప్పుడు వినపడింది.

అదే జీపు. వెనక తోక నిటారుగా ఉండాది. కానీ ముందర కుడిపక్క కమాను కూర్చుండిపోయి, బండి ఒక భుజం దించుకొని వచ్చింది.

ముందు సీట్లోనించి మొదట నాగమ్మ దిగింది. ఆమె వెనకనే సుభద్ర దిగింది. ఆ సీట్లో ఇద్దరెట్ల పట్టినారో ఆ దేవునికి తెలియాల. సుభద్ర చంకలో ఒక పిల్లోడు. వాని మెడలో ఎర్రంచు తువ్వాల, కారిన చొంగతో తడిసి ఉండాది. నన్ను చూసి వాడు ఏడుపు లంకించుకున్నాడు. స్టీరింగు దగ్గర శివారెడ్డి నవ్వుతాండాడు. ఆ మనిషి నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"కబురు చేస్తానంటివే!" అని ఆయన మీదికి పోయినా.

ఇప్పటికీ కొత్త బండి వస్తే నేను బరువెంత అని ముందు అడగను. ఎవరెవరు యాడ కూర్చుంటారు, ఎవరు కూర్చోరు అని అడుగుతా. వచ్చినోళ్లు నన్ను పిచ్చోని మాదిరి చూస్తారు, చూడనీ. ఆ రోజు కూడా అలవాటుగా, జాకీ తెచ్చుకుంటా, నాగమ్మను అదే అడిగినా.

"ముందు కమాను ఇట్లెట్ల కుంగింది తల్లీ? ఈ సీట్లో ఎవరు కూర్చుంటాండారు?"

ఆ పెద్దమ్మ పిల్లోణ్ణి చంకకు ఎత్తుకొని, నోరంతా తెరిచి నవ్వింది.

"ఎవరు కూర్చోలేదో అది అడుగు మేస్త్రీ!"